ఎడమకు మళ్ళితేనే...

మా కార్వేటినగరానికి సముద్రం లేదు. స్కంద పుష్కరిణి ఉంది. కృష్ణాపురం జలాశయం ఉంది. వానలు కురిసిన యేడు ఒడ్డులు ఒరుసుకుని పారి, కురవని యేడు ఇసుకను మాత్రమే చూపించే కుశస్థలి ఉంది. ఆ ఏరు తమిళనాడులో ప్రవేశించి, పూండి జలాశయాన్ని నింపి, చివరకు ఎన్నూరు దగ్గర బంగాళాఖాతంలో కలుస్తుంది. మాకూ కడలికీ ఉన్న చుట్టరికం అంతే. అలాంటి ఊరివాడు పడవ ఇంజను జబ్బుల గురించి అభిప్రాయాలు వెలిబుచ్చడమేమిటని చదువరులు నవ్వుకోవచ్చు. నవ్వుకోండి. అయితే ఈ విద్య నాకు పడవ మీద అబ్బలేదు, మామిడితోటలో అబ్బింది.

మా చిత్తూరు సీమలో మామిడి పూత దిగే పుష్య, మాఘ మాసాలలో రైతుకు కంటిమీద కునుకుండదు. తేనెమంచు పురుగు పూతను పట్టిందంటే ఆ యేటి కాపు సగం పోయినట్టే. మందు కొట్టడానికి వీపున మోసే పవర్ స్ప్రేయరు ఉండేది. దానికొక చిన్న రెండు స్ట్రోకుల పెట్రోలు ఇంజను. తాడు లాగితే లేచేది, కొంతసేపు బాగానే అరిచేది, తరువాత ఉన్నట్టుండి గొంతు తడబడేది. మా నాన్న ఆ సమయంలో వాడే మాటలు ఇక్కడ రాయదగినవి కావు. "మిస్సింగ్" అనే మాట మాత్రం నాకు అక్కడే పరిచయం. బడిలో ఇంగ్లీషు వాచకం తెరవకముందే తెలిసిన ఇంగ్లీషు మాట అది. అసలది ఇంగ్లీషని కూడా అప్పట్లో తెలియదు.

ఆ ఇంజనును బాగుచేసే ఆయనను పిల్లలందరం మెకానిక్ మామ అనేవాళ్ళం. ఆయన పనిచేసే పద్ధతి చిన్నప్పుడు నాకు మహా చిరాకు కలిగించేది. పూత మీద పురుగు కూర్చుని ఉంది, నాన్న ఇంటి దగ్గర కాలుగాలిన పిల్లిలా తిరుగుతున్నాడు, ఈయనేమో పానా చేతబట్టకుండా ప్రశ్నలు మొదలుపెడతాడు. "రేయ్ అబ్బోడా, ఎప్పుడు మిస్సవతాది? చల్లగా ఉన్నప్పుడా, కాలినాకనా? ఊరికే తిరిగేటప్పుడా, బరువు పడినప్పుడా? ఒక్కసారిగా ఆగి మళ్ళీ అందుకుంటాదా, మెల్లగా నీరసపడతాదా?" నాకు తెలియదంటే, "పోయి మీ నాయన్ని అడిగిరా పో" అని పంపించేవాడు. సైకిలు తొక్కుకుంటూ వెళ్ళి అడిగి వచ్చేవాణ్ణి. ఆ జవాబు వినే దాకా ఆయన ఇంజనును తాకేవాడు కాదు.

సారంగపాణి వేణుగోపాలుని మీద పదాలు రచించిన ఊరు మాది. సంస్థానం పోయినా, తాళం తప్పితే ముఖం చిట్లించే చెవులు ఇంకా కొన్ని మిగిలి ఉండేవి. మెకానిక్ మామకు సంగీతం తెలుసో లేదో నాకు తెలియదు గానీ, స్క్రూడ్రైవరు మొనను ఇంజనుకు ఆనించి, పిడిని చెవికి నొక్కి పెట్టుకుని ఆయన కళ్ళు మూసుకునే తీరు మాత్రం కచేరీలో ముందు వరుసలో కూర్చున్న పెద్దమనుషుల తీరే.

సరే, అసలు సంగతికి వద్దాం.

తిరుపతిలో నాతోపాటు హాస్టల్లో ఉండి చదివిన మిత్రుడొకడిది పులికాట్ సరస్సు ఒడ్డున మత్స్యకారుల కుటుంబం. వాళ్ళ అన్నకు ఒక పడవ ఉంది. తడ మండలంలోని భీములవారిపాళెం రేవు నుంచి సరస్సు నడుమనున్న ఇరకం దీవికి మనుషులను, సరుకులను చేరవేస్తాడు. దీవి జనానికి బియ్యమైనా, మందుబిళ్ళైనా పడవ మీదే రావాలి. మన తీరంలో చాలా పడవలకు డీజిలు ఇంజన్లే ఉంటాయి. డీజిలుకు స్పార్కు ప్లగ్గుండదు కనుక దాని కథ వేరు. ఈయన మాత్రం తమిళనాడు వైపు నుంచి పాత పెట్రోలు ఇంజను ఒకటి కొని తెచ్చుకున్నాడు. పడవ వెనుక చెక్కకు తగిలించే రకం, రెండు సిలిండర్లు, రెండు స్ట్రోకులు.

రెండేళ్ళ క్రితం పుష్యమాసంలో ఒక రాత్రి, సూళ్ళూరుపేటలో డాక్టరుకు చూపించిన ఒక జ్వరపు బిడ్డను, తల్లిని ఎక్కించుకుని ఆయన దీవికి బయలుదేరాడు. ఎదురుగాలి. సగం దారిలో ఇంజను ఆగుతూ, అందుకుంటూ, చివరకు పూర్తిగా మొండికేసింది. సరస్సు లోతు తక్కువ గనుక మునిగిపోతామన్న భయం లేదు. కానీ ఆ చలిగాలిలో గడ వేసుకుంటూ ఒడ్డు చేరేసరికి రెండు గంటలు పట్టింది. బిడ్డకు ఏమీ కాలేదు. ఆ మర్నాడే ఆయన ఇంజనును అమ్మేస్తానని కూర్చున్నాడు. నా మిత్రుడు ఫోను చేసి, "నువ్వు చిన్నప్పుడు ఏవో ఇంజన్లు విప్పేవాడివి కదరా, ఒకసారి వచ్చి చూడు" అన్నాడు.

నేను వెళ్ళేసరికి జరిగిన వైద్యం ఇది. ఒకసారి ప్లగ్గులు మార్చారు. మళ్ళీ మిస్సయింది. రెండోసారి ప్లగ్గులు మార్చారు. తరువాత ఇగ్నిషన్ కాయిళ్ళు రెండూ మార్చారు. ఆపైన సీడీఐ పెట్టె మార్చారు, దాని డబ్బు కోసం వదినగారి మెడలో గొలుసు కుదువకు పోయింది. మార్చిన ప్రతిసారీ షెడ్డులో నీళ్ళ డ్రమ్ములో దించి నడిపి చూపించారు. డ్రమ్ములో ఇంజను గంటసేపైనా ఒక్క తాళం తప్పకుండా నడిచింది. సరస్సులోకి వెళ్ళగానే మళ్ళీ మామూలే. ఏ ఊరి షెడ్డో చెప్పను. అందులోవాళ్ళు మోసగాళ్ళని నేననుకోవడం లేదు. వాళ్ళు నమ్మిన పద్ధతి మీదనే నాకు తగాదా.

ఇక్కడ ఆ ఇంజను కడుపులో ఏముందో కొంచెం చెప్పాలి. బ్యాటరీ ఉండదు. తాడు లాగినప్పుడు పైనున్న ఫ్లైవీలు తిరుగుతుంది, దాని లోపలి అయస్కాంతాలు కింది కాయిళ్ళ పక్కనుంచి పరుగెడతాయి, కరెంటు పుడుతుంది. ఒక కాయిలు పుట్టించిన కరెంటు సీడీఐ పెట్టెలో నిలవ ఉంటుంది. ఇంకొక చిన్న కాయిలు "ఇప్పుడు" అని సైగ చేయగానే ఆ నిలవంతా ఒక్క ఉదుటున ఇగ్నిషన్ కాయిలులోకి పోయి, అక్కడ వేల వోల్టులుగా పెరిగి, లావు వైరు గుండా ప్లగ్గుకు చేరి నిప్పురవ్వ అవుతుంది. 1902లో బాష్ కంపెనీలో గాట్లోబ్ హోనోల్డ్ రూపొందించిన హైవోల్టేజీ మ్యాగ్నెటుకు ఇది మునిమనుమడు. 1909లో అమెరికాలో ఓలే ఎవిన్‌రూడ్ తన పడవ ఇంజనును అమ్మకానికి పెట్టాడు. నాటికీ నేటికీ నిప్పును సమయానికి అందించడమే పని. పూర్వం రాజ్‌దూత్, యెజ్డీ బళ్ళలో పాయింట్లు చేసిన పనిని ఇప్పుడు పెట్టె చేస్తుంది, అంతే తేడా.

ఈ దారిలో కొన్ని వస్తువులు రెండు సిలిండర్లకూ ఉమ్మడివి, కొన్ని విడివిడివి. ప్లగ్గు, దాని టోపీ, లావు వైరు, ఇగ్నిషన్ కాయిలు ఎవరివి వారివి. ఫ్లైవీలు, కరెంటు పుట్టించే కాయిలు, పెట్టె, ఎర్తు, ఇంజనును ఆపే స్విచ్చి వైరు ఇద్దరివీ. అన్నదమ్ములు వేరుపడిన ఇంట్లో వంటలు రెండు, బావి ఒకటి అన్నట్టు. ఒక ఇంట్లో మాత్రమే పొయ్యి వెలగకపోతే ఆ ఇంటి వంటగది చూడాలి. రెండిళ్ళకూ నీళ్ళు రాకపోతే బావి దగ్గరికి పోవాలి. మిస్సింగ్ వెతకడంలో మొదటి ప్రశ్న ఇదే. ఒక సిలిండరు పోతున్నదా, రెండూ కలిసి పోతున్నాయా?

నేను పెద్దన్నను అడిగాను, "అన్నా, మిస్సయినప్పుడు ఇంజను కుంటుతూ నడుస్తాదా, మొత్తం గొంతు పోతాదా?"

"మొత్తం పోతాది అబ్బయా. ఎవరో గొంతు పిసికినట్టు టక్కున పోతాది, మళ్ళా టక్కున అందుకుంటాది" అన్నాడు.

అయితే రెండు సిలిండర్లూ ఒక్కసారే ఆగుతున్నాయన్నమాట. ఆ ఒక్క వాక్యంతో రెండు జతల ప్లగ్గులు, రెండు కాయిళ్ళు నిర్దోషులని తేలిపోయాయి. రెండు ప్లగ్గులు ఒకే క్షణంలో చచ్చి, ఒకే క్షణంలో బతకడం జరిగే పని కాదు. టక్కున అన్న మాటకు కూడా విలువ ఉంది. పెట్రోలు అందకపోతే ఇంజను దీపంలో నూనె తగ్గినట్టు నీరసపడుతుంది, ట్యాంకు గొట్టం మధ్యనుండే రబ్బరు బుడ్డిని చేత్తో పిసికితే తేరుకుంటుంది. కరెంటు పోతే మాత్రం దీపం ఆర్పినట్టే. మెకానిక్ మామ నన్ను సైకిలు మీద నాన్న దగ్గరికి పంపి అడిగించిన ప్రశ్న ఇదే. ఈ పెద్దన్నను అయిదు నెలలుగా ఎవరూ అడగలేదు.

అయినా నేను అక్కడే తప్పటడుగు వేశాను. దాచడం ఎందుకు? "బయలుదేరిన ఎంతసేపటికి మిస్సవతాది?" అని అడిగితే ఆయన "ఇరవై నిమిషాలకు" అన్నాడు. నాకు తెలిసిన పాఠం ఒకటి చటుక్కున గుర్తుకొచ్చింది. ఫ్లైవీలు కింది కాయిలులో సన్నని తీగ ఎక్కడో పగిలి ఉంటే, చల్లగా ఉన్నప్పుడు అంటుకునే ఉంటుంది, వేడెక్కి సాగగానే విడిపోతుంది. మీటరు పెట్టి చూస్తే చల్లని కాయిలు చక్కని లెక్క చూపిస్తుంది. ఇదే జబ్బు అని నిశ్చయించుకుని, ఇంజనును డ్రమ్ములో దించి నలభై నిమిషాలు నడిపించాను. పైమూత మీద చేయి పెట్టలేనంత వేడెక్కింది. ఒక్కసారైనా తప్పలేదు. వేడి కారణం కాదని తేలింది. నా పాండిత్యానికి సగం రోజు, మూడు లీటర్ల పెట్రోలు దండుగ.

మధ్యాహ్నం వదినగారు చేపల పులుసుతో అన్నం పెట్టారు. తింటూ అడిగాను, "వచ్చేటప్పుడు కూడా ఇరవై నిమిషాలకేనా అన్నా?"

ఆయన ముద్ద చేతిలోనే ఉంచుకుని ఆలోచించాడు. "వచ్చేటప్పుడు కాదు అబ్బయా. వచ్చేటప్పుడు బాగానే ఉంటాది. పోయేటప్పుడే."

"పోయేటప్పుడు ఇరవై నిమిషాలకు ఏముంది దారిలో?"

"ఏముంటాది, ఎడమకు మళ్ళుకోవాల. ఎడమకు మళ్ళితేనే దానికి రోగం."

ఆ మాట అని ఆయన తనే ఆగిపోయాడు. ఇరవై నిమిషాలకు వేడెక్కుతున్నది ఇంజను కాదు, మలుపు తిరుగుతున్నది దారి! కాలమనుకున్నది నిజానికి స్థలం. పడవ ఎడమకు మళ్ళాలంటే ఇంజను పిడిని కుడికి తోయాలి. పిడిని కుడికి తోసినప్పుడు ఇంజను తన ఇరుసు మీద తిరుగుతుంది, దానితో పాటు వైర్లూ సాగుతాయి. తిరుగు దారిలో మలుపు కుడికి, సాగుడు అటువైపు ఉండదు. జ్వరపు బిడ్డ ఉన్న రాత్రి గాలిని తట్టుకోవడానికి పిడిని కుడికే అదిమి పట్టుకుని నడిపాడట, అందుకే ఆ రాత్రి అది అసలు కోలుకోలేదు. ఇక డ్రమ్ములో ఇంజనును ఎడమకూ కుడికీ తిప్పేవాడెవడు? అది నిటారుగా నిలబడి గంటసేపు పాడింది, షెడ్డువాళ్ళు సరేనన్నారు.

పిడి చివర ఇంజనును ఆపే స్విచ్చి ఉంటుంది. నడిపేవాడు నీళ్ళలో పడితే ఇంజను ఆగిపోయేలా మణికట్టుకు కట్టుకునే తాడు క్లిప్పు కూడా ఆ స్విచ్చితోనే ముడిపడి ఉంటుంది. ఈ రకం ఇంజను ఆగేది కరెంటు తెగిపోవడం వల్ల కాదు, పెట్టెలో నిలవైన కరెంటును స్విచ్చి వైరు ఎర్తుకు పోనివ్వడం వల్ల. అంటే ఆ వైరు తోలు ఎక్కడైనా ఒరుసుకుపోయి ఇనుముకు తగిలితే, కనపడని చేయి ఒకటి స్విచ్చిని నొక్కుతూ వదులుతూ ఉన్నట్టే. కొత్త ప్లగ్గు వేసినా, కొత్త పెట్టె వేసినా ఆ చేయి నొక్కుతూనే ఉంటుంది.

సాయంత్రం రేవు పక్కన నడుములోతు నీళ్ళలో పడవను తిప్పాం. ఎడమకు మళ్ళిస్తే టక్కున పోయింది. కుడికి మళ్ళిస్తే బాగుంది. పెట్టె దగ్గర స్విచ్చి వైరు జోడును విడదీశాను. (ఇలా విడదీశాక ఇంజను స్విచ్చితో ఆగదు, చోక్ లాగి ఆపాలి. కనుక లోతు నీళ్ళలో, ఒంటరిగా ఈ పని చేయకండి.) ఎడమకు పదిసార్లు మళ్ళించాం. పదిసార్లూ గొంతు చెక్కుచెదరలేదు. అంతటితో సంతోషించి ఇంటికి రావచ్చు. కానీ మామ నేర్పిన అలవాటొకటి ఉంది. తగిలించి ఉన్న జబ్బును తీసేశాక, దానిని మళ్ళీ తగిలించి చూడాలి. జోడును తిరిగి కలిపాం, ఎడమకు మళ్ళించాం, టక్కున పోయింది. అప్పుడు పైమూత తీసి, వైర్ల గుత్తిని వేలితో తడుముకుంటూ పోతే, పిడి మడత దగ్గర గోరంత మేర తోలు లేచిపోయి, రాగి ఉప్పుగాలికి పచ్చబడి కనిపించింది.

మూరెడు కొత్త వైరు, పైన రబ్బరు తొడుగు, ఒరుసుకోకుండా ఒక ప్లాస్టిక్ కట్టు. ఆ రోజు మేము తాగిన టీల ఖర్చు కన్నా తక్కువ.

ఇప్పుడు నా అభిప్రాయం. వస్తువు మార్చి చూడటం రోగనిర్ణయం కాదు. అది నిర్ణయం చేయలేని తనానికి ఇంజను యజమాని కట్టే పన్ను. బాగైతే మెకానిక్కుకు పేరు, కాకపోతే యజమానికి ఖర్చు. మార్చినది తప్పని తేలాక పాత వస్తువును తిరిగి బిగించి కొత్తదాని డబ్బు వెనక్కిచ్చే షెడ్డును నేను ఇంతవరకు చూడలేదు. పైగా ఒకేసారి రెండు వస్తువులు మార్చితే, బాగైనా దేనివల్ల బాగైందో తెలియదు. అనుభవం ఎన్నేళ్ళున్నా జ్ఞానం ఒక్క అంగుళం పెరగదు.

మార్చడమే తప్పు అని నేననడం లేదు. రెండు సిలిండర్లున్న ఇంజనులో ఒకటే మిస్సవుతుంటే, ఒక పక్క కాయిలును రెండో పక్కకు మార్చి చూడటం కంటే మంచి పరీక్ష లేదు. జబ్బు కాయిలుతో పాటు పక్కింటికి పోతే కాయిలే దొంగ. పోకపోతే కాయిలు మంచిది, వెతుకులాట ఇంకొక మెట్టు వెనక్కి. దీనికి దమ్మిడీ ఖర్చు లేదు. ఉన్న వస్తువులతో ఇంజనును ప్రశ్నించడానికీ, కొన్న వస్తువులతో ఇంజనును బతిమాలడానికీ తేడా ఉంది.

షెడ్డులలో జరిగే ఇంకొక ముచ్చట చెప్పాలి. ప్లగ్గు విప్పి, ఇంజను ఒంటికి ఆనించి, తాడు లాగి, "చూడన్నా, నీలంగా స్పార్కు వస్తా ఉంది, కరెంటు బాగుంది" అంటారు. అది సగం సాక్ష్యమే. 1889లో పాషెన్ అనే జర్మను శాస్త్రవేత్త తేల్చిందేమంటే, రవ్వ దూకడానికి కావలసిన వోల్టేజీ సందు వెడల్పు మీద మాత్రమే కాదు, అక్కడి గాలి ఒత్తిడి మీద కూడా ఆధారపడుతుందని. బయటి గాలిలో సునాయాసంగా దూకిన రవ్వ, సిలిండరులో గాలి ఎన్నో రెట్లు నొక్కుకుపోయినప్పుడు దూకలేక చతికిలపడవచ్చు. అందుకే సందు పెద్దగా, పదకొండు మిల్లీమీటర్ల దాకా పెట్టుకోగలిగే స్పార్కు టెస్టరు వాడతారు, ఒత్తిడికి బదులు దూరం. ఈ చిన్న పరికరం ఒక కాయిలు ఖరీదు కన్నా తక్కువ. (లావు వైరును దేనికీ ఆనించకుండా గాలిలో వదిలి తాడు లాగవద్దు. మీకు షాకు, పెట్టెకు చావు. చుట్టుపక్కల పెట్రోలు ఒలికి ఉంటే అసలు లాగవద్దు.)

షెడ్డువాళ్ళ తరఫున కూడా ఒక మాట చెప్పాలి. అప్పుడప్పుడు వచ్చిపోయే జబ్బు వైద్యుడి ముందు ఎప్పుడూ రాదు. వరుసలో ఇంకా నాలుగు ఇంజన్లున్నాయి. పడవతో పాటు సరస్సు మీదికి వెళ్ళి కూర్చోవడానికి వాళ్ళకెవరు కూలీ ఇస్తారు? ప్రశ్నలు అడిగిన గంటకు బిల్లు వేస్తే మనమే ఊరుకోం. "ఊరికే మాట్లాడి డబ్బు గుంజాడు" అంటాం. వస్తువు చేతికిస్తేనే డబ్బు చెల్లుతుందన్న మన అలవాటు కూడా ఆ గొలుసును కుదువకు పంపింది.

పెద్దన్న పడవ తిరిగే నీళ్ళ మీదినుంచి చూస్తే శ్రీహరికోట రాకెట్లు లేస్తూ కనిపిస్తాయి. 2019 జులై 15న చంద్రయాన్-2 ప్రయోగాన్ని సమయానికి 56 నిమిషాల 24 సెకన్ల ముందు ఆపేశారు. లోపం వెతికి, సరిచేసి, జులై 22న పంపించారు. దేశమంతా మేలుకుని చూస్తున్న రాత్రి "ఆగండి, ఎక్కడో అనుమానం ఉంది" అనగలగడం నాకు రాకెట్టు లేవడం కంటే గొప్పగా తోచింది. అంతటి కోటకు పక్కనే ఉన్న సరస్సులో, గోరంత తోలు లేచిన వైరును పట్టుకోవడానికి అయిదు నెలలు పట్టిందంటే నవ్వాలో ఏడవాలో తెలియదు.

ఇంకొకటి కూడా నన్ను బాధించింది. ఇంజనుతో పాటు వచ్చిన పాత పుస్తకం పెద్దన్న ఇంట్లో ఉంది, ప్లాస్టిక్ సంచిలో భద్రంగా చుట్టి, దేవుడి పటం వెనుక. ఇంగ్లీషు పుస్తకం. అందులో మిస్సింగ్‌కు ఒక పూర్తి పుటలో మెట్లు మెట్లుగా ప్రశ్నలున్నాయి. నాలుగో మెట్టు స్విచ్చి వైరును విడదీసి చూడమనే! గొలుసు కుదువకు పోతున్నప్పుడు కూడా ఆ జవాబు దేవుడి వెనుకే ఉంది, చదవగలిగిన భాషలో లేదు. ఇలాంటివి తెలుగులో రాయమంటే మన పండితులు వెంటనే "జ్వలన వ్యవస్థా లోప నిర్ధారణము" అని మొదలుపెడతారు. దానిని పెద్దన్న ఇంగ్లీషు కంటే ఎక్కువ భయంతో చూస్తాడు. మిస్సింగ్, ప్లగ్గు, కాయిలు, ఎర్తు... ఇవన్నీ అరవై యేళ్ళుగా మన షెడ్లలో కాపురం చేసి తెలుగైపోయిన మాటలు. వాటితోనే, "టక్కున పోతాదా, మెల్లగా పోతాదా" అని అడుగుతూ నాలుగు పుటలు రాస్తే చాలు. ఆ నాలుగు పుటలు నేను రాసి, పెద్ద అక్షరాలలో అచ్చు వేయించి, పోయిన సంక్రాంతికి రేవుకు పట్టుకెళ్ళాను. రెండో ప్రశ్న పెద్దన్నే దిద్దాడు. "ఎంతసేపటికి" అని ఉన్నచోట "ఎంతసేపటికి, ఏ తావులో" అని రాయమన్నాడు.

అనవసరంగా తీసేసిన పాత సీడీఐ పెట్టె, కాయిళ్ళు, రెండు జతల ప్లగ్గులు ఆయన ఇంటి వసారాలో ఒక వైరుబుట్టలో వేలాడుతున్నాయి. అన్నీ మంచివే. పెట్టెను మొన్న పక్క పడవవాడు అడిగి తీసుకెళ్ళాడు. తీసుకెళ్ళే ముందు పెద్దన్న వాణ్ణి అరుగు మీద కూర్చోబెట్టి, "నీది ఎటు మళ్ళితే మిస్సవతాది?" అని అడిగాడట.